తోడికోడలి ఆబోతు

ఫిబ్రవరి 3

ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. మా ఇంటాయన రాధాకృష్ణన్ తెచ్చి టీవీ కింద పడేస్తే బల్లి కాపురం పెట్టింది. బల్లిని తరిమి నేను తీసుకున్నాను.

అరవదేశమే అయినా మా పుట్టిల్లు కినత్తుకడవులో నేను చదివింది తెలుగు బడి, ఐదో క్లాసు వరకే. పెళ్ళయి చిన్నమనూరు వచ్చినాక చూస్తే ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే కాని చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయనకు అరవం తప్ప చదవడం రాదు. ఒట్టన్‌చత్రం మండీలో పనిచేసే మా అబ్బాయి నందకుమార్‌కు ఇంగ్లీషు తప్ప పట్టదు. అంటే ఈ డైరీని వాకిట్లో ఆరబెట్టినా నా గుట్టు బయటపడదు. ఒత్తులు తప్పుపెడితే అడిగే నాథుడూ లేడు.

ఇంత సంబరంగా మొదలుపెట్టి రాయాల్సింది ఇదీ: పొద్దున మా ఆవు రాగి ఈనింది. దూడ చచ్చి పుట్టింది. ఈ ఏడు ఇది మూడోది. మొదటిదానికి కింది దవడ పొట్టి, చన్ను పట్టలేకనే పోయింది. రెండోది లేచి నిలబడనే లేదు.

మందను మేపే మా అయ్యప్పన్ "దిష్టి అక్కా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. దిష్టి ఎవరిదో కూడా తెలుసు. పేరు రాయను.

ఫిబ్రవరి 4

పేచ్చియమ్మాళ్ దిష్టి.

ఫిబ్రవరి 9

పశువుల డాక్టరమ్మ కృత్తిక వచ్చింది. చిన్నపిల్ల, నా కొడుకు ఈడు. మంద మధ్యలో నిలబడి అన్నీ చూసింది. మన్నారు దగ్గర ఆగింది. అందరూ ఆగుతారు. మా మన్నారులాంటి ఆబోతు ఈ కంబం లోయలోనే లేదు. ఆ మూపురం, ఆ నడక.

"ఈ పడుచు ఆవులన్నీ ఎవరి బిడ్డలమ్మా?"

"మన్నారు బిడ్డలే" అన్నాను, గర్వంగా.

"ఇప్పుడు ఇవి ఎదకొస్తే వీటిని కట్టేది?"

"మన్నారే" అన్నాను, ఇంకా గర్వంగా.

ఆ పిల్ల నన్నే చూస్తూ నిలబడింది. అప్పుడు నేనన్న మాట నాకే వినబడింది. మనుషుల్లో అయితే నేనే ముందు నిలబడి పంచాయితీ పెట్టించేదాన్ని.

"కోడెను మార్చకపోతే మంద నిలవదమ్మా" అంది. "చూలు సూది వేద్దామంటే నా దగ్గర జెర్సీది ఉంది, మీ మలమాడు కొండజాతిది లేదు."

జెర్సీ నాకెందుకు? అది కొండ ఎక్కదు, ఎండకు ఆగదు, ఫ్యాను అడుగుతుంది. కోత అయిన మళ్ళల్లో మందను కట్టి ఎరువు ఇవ్వడమే మా బతుకు. ఆ ఎండలో నిలిచేది మలమాడొకటే. కొండ మీదికి ఇప్పుడు ఫారెస్టువాళ్ళు మమ్మల్నే ఎక్కనివ్వడం లేదు. మందలన్నీ కరిగిపోతున్నాయి. కోడె అంటే జల్లికట్టుకు అమ్ముకోవడమే అందరికీ.

"ఈ చుట్టుపక్కల వేరే రక్తం కోడె ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగింది.

అయ్యప్పన్ నోరు తెరిచినాడు. నేను వాడి కాలు తొక్కినాను.

"ఎవరి దగ్గరా లేదు డాక్టరమ్మా."

ఫిబ్రవరి 10

అయ్యప్పన్ కుంటుతున్నాడు.

రాసుకుంటేనైనా కోపం తగ్గుతుందేమో చూస్తాను. ఏడేళ్ళ కిందట మామగారు మందను ఇద్దరు కొడుకులకు పంచినారు. ఆవుల్ని సమంగానే పంచినారు. మిగిలింది సెవ్వంది, మందకు ముందు నడిచే ఆవు. "ఇద్దరు కోడళ్ళూ పిలవండి, ఎవరి దగ్గరికి పోతే వాళ్ళది" అన్నారు. నేను ఈ పక్క. మరిది ఈశ్వరన్ పెళ్ళాం, నా తోడికోడలు పేచ్చియమ్మాళ్, ఆ పక్క. గొంతు చించుకొని పిలిచినాను. సెవ్వంది నన్ను చూసింది. ఆలోచించింది. అది ఆలోచించిందనేదే నాకు ఎక్కువ నొప్పి. తర్వాత పేచ్చి దగ్గరికి నడిచి పోయింది.

"దీని కొంగులో బెల్లం ఉంది!" అని అందరి ముందూ అరిచినాను.

పేచ్చి కొంగు దులిపి చూపించింది. ఏమీ రాలలేదు. "బెల్లం కాదక్కా, పితికేటప్పుడు నువ్వు గిల్లుతావు. దానికి గుర్తుంది" అంది.

అందరూ నవ్వినారు. మా ఇంటాయన కూడా నవ్వినాడు. అప్పటినుంచి నాకూ పేచ్చికీ మాటల్లేవు. అన్నదమ్ములకు కూడా ఉండకూడదని నేను చెప్పినాను. వాళ్ళు రోజూ బస్‌స్టాండ్ టీకడలో కలుసుకొని, నన్ను చూస్తే చెరో బెంచీకి మారిపోతారు. నాకు తెలియదనుకుంటారు. నేనూ తెలియనట్టే ఉంటాను.

నేను గిల్లను. గోళ్ళు కొంచెం పొడుగు, అంతే.

మన్నారు అప్పుడు పాలు తాగే దూడ. నా వాటాకు వచ్చినాడు. పేచ్చి రెండేళ్ళ కిందట వరుసనాడు కొండల పక్కనుంచి ఒక మచ్చల కోడెను తెచ్చుకుంది. మచ్చయ్య అంటారు. వేరే రక్తం. అయ్యప్పన్ నోట్లోనే ఆగిపోయిన పేరు అదే.

ఫిబ్రవరి 27

ఇంకెక్కడా దొరకదా అని తిరిగినాను. ఒకచోట కోడె బలే ఉంది. చూడగానే నచ్చింది, ఆ మూపురం, ఆ నడక. ఎక్కడ కొన్నారని అడిగితే "మీ దగ్గరే కదమ్మా, దూడగా ఉన్నప్పుడు" అన్నారు.

మన్నారు కొడుకు.

మార్చి 14

ఈ రోజు నేను దొంగతనం చేసినాను. యాభై ఆరేళ్ళ వయసులో.

మా పడుచు ఆవు చిట్టి ఎదకొచ్చింది. అయ్యప్పన్‌ను పంపితే గుట్టు నిలవదు. అందుకని మా ఇంటాయన చొక్కా వేసుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని, తెల్లవారుతుండగా చిట్టిని తోలుకొని ఎండిన చెరువు వైపు పోయినాను. పేచ్చి మంద అక్కడ మేస్తుంది. ఎవరైనా అడిగితే "తాడు తెంపుకొని వచ్చేసింది" అనాలని దారంతా అభ్యాసం చేసినాను. ఎవరూ అడగలేదు. బాగా కుదిరిన అబద్ధం వృథా పోయింది.

కంప దాటేటప్పుడు చీర చిక్కుకుంది. లాగితే చీర వచ్చింది, నేను పడినాను. కింద కాలువలో బురద మాత్రమే ఉంది, నీళ్ళు లేవు. పడుకొని ఉండగానే మచ్చయ్య వచ్చినాడు. పెద్దమనిషిలాగా నన్ను తప్పుకొని నిదానంగా చిట్టి దగ్గరికి పోయినాడు. దగ్గరనుంచి మొదటిసారి చూసినాను. మంచి కోడె. మన్నారంత కాదు. సరే, మన్నారంతే.

పేచ్చి కుక్క ఒక్కసారి కూడా మొరగలేదు. నా అడుగు అంత మెత్తన.

ఇంటికి వచ్చి స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఏ మొహం పెట్టుకొని ఏమి అడగాలో తెలియక ఊరికే నిలబడినాను.

మార్చి 16

మా ఇంటాయన అన్నం తింటూ నవ్వు ఆపుకుంటున్నాడు. పప్పు పొలమారింది.

"ఏమి?"

"ఏమీ లేదు. టీకడలో ఎవరో చెప్పినారు."

"ఎవరో అంటే మీ తమ్ముడేనా?"

"ఎవరో. ఒక ఆడమనిషి మగచొక్కా వేసుకొని చెరువు దగ్గర ఆవును తిప్పుతోందంట. ఆమెకు ఒక మాట చెప్పమన్నారు."

"ఏమని?"

"ఎద సాయంత్రం చూస్తే పొద్దున కట్టించడం సరిగానే ఉంది. అయితే మళ్ళీ ఎదకొస్తే రెండు పూటలా కట్టిస్తే మంచిది, వాకిలి తెరిచే ఉంటుంది, కంప దాటొద్దు, కాలు విరుగుతుంది అని."

కంచం ముందునుంచి లేచి వచ్చేసినాను. నా కంచం కాదు, ఆయనది. ఎత్తుకొని వచ్చేసినాను.

మార్చి 17

వెళ్ళను.

మార్చి 18

ఛీ. వెళ్ళను.

ఏప్రిల్ 8

చిట్టి మళ్ళీ ఎదకు రాలేదు. పట్టినట్టే ఉంది. మిగతా ఆవులు ఎదకొస్తే మళ్ళీ మన్నారు దగ్గరికే పోతాయి. అందుకని అతణ్ణి విడిగా కట్టించినాను. పగలంతా రంకెలు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. వాకిలి తెరిచే ఉంటుందన్న మాట రోజూ గుర్తొస్తుంది. వచ్చినప్పుడల్లా ఇంకాస్త కోపం వస్తుంది. తిట్టి ఉంటే ఎంత సులువుగా ఉండేది!

జూన్ 20

డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసింది. చిట్టి చూలే. "ఏ కోడెమ్మా?" అంది. "దారిన పోయేది" అన్నాను. ఆమె అయ్యప్పన్‌ను చూసింది. వాడు ముందుగానే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

జూలై 25

లంపి జబ్బు లోయలోకి వచ్చింది. ఒళ్ళంతా గడ్డలు, జ్వరం. నా మందకు ముందే సూదులు వేయించినాను. చిట్టికి డాక్టరమ్మ చూసి వేసింది. పేచ్చి మందకూ వేసినారంట. మచ్చయ్య ఒక్కడు తాడు తెంచుకొని, సూది పట్టుకున్నవాణ్ణి కొబ్బరితోటలోకి తరిమి, వేయించుకోలేదంట.

ఈ మాట అయ్యప్పన్ చెపితే నవ్వినాను. రాసి పెట్టుకోవాలి, నవ్వినాను.

ఆగస్టు 2

మా ఇంటాయన పొద్దున టీకడకు పోయి వచ్చి కూర్చున్నాడు. దోసె ముట్టలేదు.

"మచ్చయ్యకు వచ్చేసింది. నీళ్ళు కూడా తాగడం లేదంట."

"ఎవరు చెప్పినారు?"

"ఈశ్వరన్" అన్నాడు. మొదటిసారి పేరు చెప్పినాడు.

తమలపాకులు, మిరియాలు, ఉప్పు, బెల్లం సంచిలో వేసుకున్నాను. వేపాకు, పసుపు, కొబ్బరినూనె ఇంకో సంచి. ఎందుకు పోతున్నానని నన్ను నేను అడిగినాను. నా చిట్టి కడుపులో ఉన్నదాని తండ్రి కదా, అది నా లెక్క, పేచ్చి కోసం కాదు అని చెప్పుకున్నాను. దారిలో రెండు సార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

వాకిలి తెరిచే ఉంది.

పేచ్చి సన్నబడింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. మచ్చయ్య కళ్ళల్లో పుసి, మెడంతా గడ్డలు. నేను రోలు దగ్గర కూర్చొని నూరడం మొదలుపెట్టినాను.

పేచ్చి కోడె చెవిలో అంది: "చూడు మచ్చయ్యా, ఈసారి బెల్లం ఎవరు తెచ్చినారో."

నేనూ కోడెతోనే అన్నాను: "మచ్చయ్యా, మీ అమ్మతో చెప్పు, నోరు కాస్త తెరిచి పట్టుకొమ్మని. నీది. ఆమెది తెరిచే ఉంటుంది."

డాక్టరమ్మ వచ్చి సూదులు వేసింది. పోయేటప్పుడు నాతో "ఇక్కడినుంచి తిన్నగా మీ మంద దగ్గరికి పోకూడదమ్మా. స్నానం చేసి, గుడ్డలు మార్చుకొని పోవాలి" అంది.

మార్చుకోవడానికి నా దగ్గర ఏమి ఉంది? పేచ్చి ఒక చీర తెచ్చి తొట్టి గట్టున పెట్టి పోయింది. పచ్చ చీర. శత్రువు చీర కట్టుకొని ఊరంతా నడిచి వచ్చినాను. మా ఇంటాయన చూసి "ఈ రంగు నీకు బాగుంది" అన్నాడు. బుద్ధిలేని మనిషి.

ఆగస్టు 6

రోజూ పోతున్నాను. రోజుకొక చీర. మాటలన్నీ మచ్చయ్య మీదుగానే.

"మచ్చయ్యా, ఆ కాలి దగ్గర మందు రాయలేదని చెప్పు."

"రాసినాను, నువ్వే నాకేసినావని చెప్పు మచ్చయ్యా."

"పొద్దున ఏమైనా తినిందా మీ అమ్మ? అడుగు."

ఇడ్లీ పొట్లం విప్పి గట్టు మీద పెట్టినాను. కాసేపటికి చూస్తే ఖాళీ. "ఎక్కువ ఉప్పు వేసినారని చెప్పు మచ్చయ్యా" అంది.

ఈ రోజు గంజి కొంచెం తాగినాడు. ఇద్దరం ఒకేసారి నవ్వి, ఒకేసారి ఆపినాం.

ఆగస్టు 9

మధ్యాహ్నం పోయినాడు.

పొద్దున్నే ఊపిరి మారింది. డాక్టరమ్మ ఇంకొక సూది వేసి, మా ఇద్దరినీ చూసి తలొంచుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు ముందుకాళ్ళు మడుచుకుపోయినాయి.

"అక్కా, తల పట్టుకో" అంది పేచ్చి.

పట్టుకున్నాను. అంత బరువు తల నా ఒళ్ళో. పేచ్చి చేత్తో మూపురం నిమురుతూ ఉంది, ఆగిపోయిన తర్వాత కూడా నిమురుతూనే ఉంది. నేను ఆపమనలేదు.

అన్నదమ్ములిద్దరూ కలిసే వచ్చినారు, నన్ను చూసి విడిపోలేదు. జేసీబీ గుంత తీసింది. సున్నం చల్లి పూడ్చినారు.

సాయంత్రం తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే పేచ్చి అంది: "అతనికి పుట్టిన కోడెదూడలు రెంటినీ జల్లికట్టువాళ్ళకు ఇచ్చేసినాను. అతని రక్తం కోడె ఇంకేదీ లేదు నా దగ్గర. నీ చిట్టి ఉంది కదక్కా."

"నువ్వు చూసినావా ఆ రోజు?"

"మీ ఆయన చొక్కా వేసుకొని కంప మీదినుంచి నువ్వు దుముకుతుంటే చూడకుండా ఎట్లా ఉంటాను? మొరుగుతుందని కుక్క మూతి నేనే పట్టుకొని కూర్చున్నాను."

"పిలవొచ్చు కదా, మహాతల్లీ!"

"పిలిస్తే వచ్చేదానివా?"

ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చినాను. నేను కొంచెం గట్టిగా ఏడ్చినాను, ఎందులోనూ తగ్గడం అలవాటు లేదు కదా.

సెప్టెంబరు 12

డాక్టరమ్మ మాట: మన్నారు నా మందలో ఇక ఉండకూడదు. పేచ్చి మందలో అతని బిడ్డలు లేవు, ఆ మందకు ఇప్పుడు కోడె లేదు. ఇంత చెప్పి ఊరుకుంది. మా ఇంటాయన కూడా ఊరుకున్నాడు. అయ్యప్పన్ ఎక్కువగా ఊరుకున్నాడు.

అందరూ ఊరుకొని నన్నే చూస్తున్నారు. నాకేమీ అర్థం కానట్టు మజ్జిగ చిలుకుతున్నాను.

సెప్టెంబరు 20

మన్నారు నా చేత్తో తప్ప నీళ్ళు తాగడు. ఇంకొకచోట బతకడు. ఇది అతని మంచికే చెపుతున్నాను.

అక్టోబరు 3

కబేళాకు కొనే కేరళ బేరగాడొకడు ఈ రోజు వచ్చినాడు. "కట్టేసిన ఆబోతుకు దాణా దండగ కదమ్మా" అని మన్నారు వీపు మీద చెయ్యి వేసి, మాంసం ఎంత పడుతుందో చూసేవాడిలాగా ఒత్తినాడు. చెంబు విసిరినాను. తగల్లేదు. గురి మునుపటిలాగా లేదు.

అక్టోబరు 5

మన్నారుకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి, నేనే తోలుకొని పోయినాను. అయ్యప్పన్ వస్తానంటే వద్దన్నాను. దారిలో కనబడినవాళ్ళందరూ "ఎక్కడికి?" అని అడిగినారు. "మా పేచ్చి ఇంటికి" అన్నాను. ఒకామె చేతిలో బిందె జారింది. జారలేదు, జారినట్టు చేసింది.

పేచ్చి వాకిట్లో నీళ్ళ తొట్టి పెట్టుకొని నిలబడి ఉంది.

"నా చేత్తో తప్ప తాగడు" అన్నాను.

మన్నారు తొట్టిలో మూతి పెట్టి అడుగు దాకా తాగినాడు. తలెత్తి పేచ్చి మొహాన తుమ్మినాడు. ఆ తర్వాత ఆవుల దగ్గరికి పోయినాడు, మూపురం ఎత్తుకొని, అదే నడక.

"చూసుకుంటానక్కా" అంది పేచ్చి.

"తెలుసు" అన్నాను. తెలుసు కూడా.

తిరిగి వచ్చేటప్పుడు చేతిలో తాడు ఉత్తదే ఊగుతుంటే ఏమి చెయ్యాలో తెలియక భుజాన వేసుకున్నాను. ఖాళీ రాట దగ్గర కాసేపు కూర్చున్నాను. ఎండ కోసం. కార్తీక మాసమంటే ఎండకు కూర్చోవాలి. ఇంకా కార్తీకం రాలేదు.

డిసెంబరు 10

చిట్టి పొదుగు దించింది. కోడెదూడే పుడుతుందని ఊరంతా చెప్పేసినాను. కడుపు కుడివైపు జారింది, అది గుర్తు. మెరక ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పెడుతుంది, అదీ గుర్తు. మచ్చయ్య మళ్ళీ పుడతాడు, పెద్దవాడయి నా మందకు ఆబోతవుతాడు. పేరు కూడా అదే. పేచ్చి "కానీ చూద్దాం" అంటుంది. ఎదుటివాళ్ళ నమ్మకం మీద నీళ్ళు చల్లడం ఆమెకు పుట్టుకతో వచ్చింది.

డిసెంబరు 23

సాయంత్రం చిట్టి ఈనింది. దూడ పడగానే దవడ చూసినాను, సరిగా ఉంది. కాళ్ళు చూసినాను. నేను చూస్తుండగానే లేచి నిలబడి, పడి, మళ్ళీ లేచి చన్ను వెతుక్కుంది. నుదుటి మీద మచ్చయ్యకున్న మచ్చే.

పేచ్చి తోక ఎత్తి చూసింది. చూసి పేడలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

పెయ్య.

"మచ్చయ్య అని పిలువక్కా, పలుకుతుందేమో!"

నాకు కోపం రావాలి. దూడ చన్ను చీకుతున్న చప్పుడు వినబడుతూ ఉంది, ఈ ఏడు నా దొడ్డిలో ఆ చప్పుడు వినడం మొదటిసారి. నేనూ పేచ్చి పక్కనే పేడలో కూలబడినాను. అయ్యప్పన్ పరుగెత్తి వచ్చి, ఇద్దరికీ ఏమైందో అని డాక్టరమ్మకు ఫోను చేసినాడు.

డిసెంబరు 30

పెయ్య ఆబోతు కాలేదు కదా. అందుకని నేనూ పేచ్చీ వరుసనాడు పోయి వచ్చినాం. బస్సులో కిటికీ పక్క సీటు ఆమే ఎక్కింది. చిన్నది కదా అని వదిలేసినాను. యాభై దాటిన చిన్నది.

మచ్చయ్యను ఇచ్చిన మంద ఇప్పుడు లేదు. అదే రక్తం కోడె ఒకటి దొరసామి అనే ముసలాయన దగ్గర ఉందన్నారు. ఎర్ర కోడె, ఇంకా పాలపళ్ళు ఊడలేదు, కళ్ళల్లో పొగరు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి అడిగినాడు:

"జల్లికట్టుకా?"

"కాదు పెద్దయ్యా, మందలో నిలుపుకోవడానికి."

"ఎవరి మందలో?"

"నా మందలో" అన్నాను. "నా మందలో" అంది పేచ్చి. రెండు గొంతులూ ఒకేసారి.

"ముందు మీరిద్దరూ తేల్చుకొని రండి" అని ఆయన మంచం ఎక్కి పడుకున్నాడు.

వేపచెట్టు కింద కూర్చొని మధ్యాహ్నమంతా తేల్చుకున్నాం. ఏడేళ్ళ బాకీ మాటలన్నీ అక్కడే అయిపోయినాయి. గిల్లడం గురించి కూడా. చివరికి ముసలాయనే లేచి "తీసుకొని పొండమ్మా, నాకు నిద్ర లేదు" అని తాడు మా చేతిలో పెట్టినాడు.

చిన్న లారీలో ఎక్కించినాం. తాడు పట్టుకోవడంలో ఆమె మీద నాకు నమ్మకం లేదు, నా మీద ఆమెకు లేదు. అందుకని డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉండగానే ఇద్దరం వెనక నిలబడినాం, కోడెకు చెరో పక్క. అది దారంతా ఒకసారి ఆమెను తోసింది, ఒకసారి నన్ను తోసింది. పక్షపాతం లేని కోడె.

చిన్నమనూరు దగ్గర దారి చీలే చోట డ్రైవర్ లారీ ఆపి తల బయట పెట్టినాడు.

"ఎటక్కా?"

వేపచెట్టు కింద అన్నీ తేల్చుకున్నాం కాని ఇది తేల్చుకోలేదు. నేను పేచ్చిని చూసినాను.

"అక్క దొడ్డికి పోనీ" అంది పేచ్చి. "అక్కడ ఆవులు ఎదురు చూస్తున్నాయి."

నేను మంచి మాట ఏదైనా చెప్పాలనుకున్నాను. దొడ్డి వచ్చేదాకా వెతికినాను. లారీ వెనక పలక దించి, కోడె కాలు కింద పెట్టబోతుంటే, నోటికి వచ్చింది ఇదొకటే:

"పేచ్చీ, చెయ్యి తియ్యి, సందులో నలుగుతుంది."

తీసింది.